నిన్నటి ఫైలును తిరిగి ఇచ్చే సర్వరు

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో సూపర్ కంప్యూటరుకు తోడుగా ఉన్న నిల్వ వ్యవస్థ నుంచి 77 టెరాబైట్ల పరిశోధన డేటా చెరిగిపోయింది. సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. ఏ డిస్కూ చెడిపోలేదు. బయటివాళ్లెవరూ చొరబడలేదు. బ్యాకప్ పనిలో భాగంగా, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను చెరిపేసే స్క్రిప్టు ఒకటి అక్కడ ఉండేది. అది నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షను వేశారు. షెల్ స్క్రిప్టును కంప్యూటరు ముందే మొత్తం చదివి పెట్టుకోదు, నడుస్తున్న కొద్దీ చదువుకుంటూ పోతుంది. అందువల్ల సగం దాకా పాతది నడిచి, అక్కడి నుంచి కొత్తది అందుకుంది. ఏ ఫోల్డరులో చెరపాలో చెప్పాల్సిన చోట ఖాళీ మిగిలింది. లాగ్ ఫైళ్లు పోవాల్సిన చోట అసలు డేటా పోయింది. 14 బృందాల్లో నాలుగింటి డేటాను బ్యాకప్ నుంచి కూడా తిరిగి తేలేకపోయారు. వ్యవస్థను సరఫరా చేసిన కంపెనీ, తప్పు పూర్తిగా తనదేనని ఒప్పుకుంది.

ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. ఆఫీసుకు ఫైల్ సర్వరు కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టెరాబైట్లు?" అని. రెండోది "స్పీడెంత?" అని. రెండూ అడగాల్సినవే. కానీ వాటికి జవాబు చెప్పేవి డిస్కులూ, కేబుళ్లూ. లోపలి సాఫ్ట్‌వేరును అడగాల్సిన ప్రశ్న వేరు: "నిన్న మధ్యాహ్నం మూడింటికి ఈ ఫైలు ఎలా ఉందో అలాగే ఇప్పుడు ఇవ్వగలవా?" ఆ ప్రశ్నకు నమ్మకంగా "ఇవ్వగలను" అనిపించడానికి కొందరు ఇంజనీర్లు నలభై ఏళ్లుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. డిస్కు తప్పు చెబుతుందని, మనిషి చెయ్యి జారుతుందని, దొంగ లోపలికి వస్తాడని ముందే అనుకుని రాసిన సాఫ్ట్‌వేరు ఇది. దాని గొప్పతనమంతా ఆ అపనమ్మకంలోనే ఉందని నా అభిప్రాయం.

నెట్‌వర్కుకు తగిలించి అందరూ కలిసి వాడుకునే నిల్వ పెట్టెను నాస్ అంటారు. లోపల రెండు నుంచి డజను దాకా హార్డ్ డిస్కులు, ఒక ప్రాసెసరు, కొంత మెమరీ, వెనకవైపు నెట్‌వర్క్ సాకెట్ ఉంటాయి. మానిటరూ కీబోర్డూ ఉండవు. పక్క కంప్యూటరులో బ్రౌజరు తెరిచి దాన్ని నడుపుతారు. ఆడిటరు ఆఫీసులో టాలీ డేటా, డయాగ్నస్టిక్ సెంటరులో స్కాన్లు, ఎడిటింగ్ స్టూడియోలో షూటింగ్ ఫుటేజ్, ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు, ఇవన్నీ అందులో ఉంటాయి. పది మంది పది పెన్‌డ్రైవులతో తిరిగే బదులు అందరి ఫైళ్లూ ఒకే చోట ఉంటాయన్నమాట. ఆ ఒకే చోట పోతే అందరివీ పోతాయి కూడా.

ఒక కంప్యూటరులోని డిస్కును ఇంకో కంప్యూటరు తన సొంత డిస్కులా వాడుకోవాలంటే రెండింటికీ తెలిసిన భాష ఒకటి కావాలి. 1980ల తొలి సంవత్సరాల్లో అలాంటి భాషలు రెండు పుట్టాయి. ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టినది ఎస్‌ఎంబీ. దాన్ని తర్వాత మైక్రోసాఫ్ట్ పెంచి విండోస్‌లో పెట్టింది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసినది ఎన్‌ఎఫ్‌ఎస్. అది యూనిక్స్ ప్రపంచానిది. ఇద్దరి మధ్యా మాటల్లేవు. 1991 చివర్లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిజెల్ అనే పరిశోధక విద్యార్థి తన పీసీకి యూనిక్స్ యంత్రంలోని డిస్కును చూపించాలనుకున్నాడు. పీసీ మాట్లాడే ఎస్‌ఎంబీ భాష వివరాలు అతని చేతిలో లేవు. కేబులు మీద పోతున్న సందేశాలను ఒక్కొక్కటే పట్టి చూసి, ఏ బైటుకు ఏ అర్థమో ఊహించి, అదే తీరులో జవాబిచ్చే ప్రోగ్రాము రాశాడు. 1992 జనవరిలో దాన్ని అందరికీ ఇచ్చేశాడు. అదే తర్వాత సాంబా అయింది. మైక్రోసాఫ్ట్ ఆ భాష వివరాలను సాంబా బృందానికి అందించే ఒప్పందం కుదిరింది 2007 డిసెంబరులో, అదీ యూరోపియన్ యూనియన్ పోటీ చట్టాల కేసు ఓడిపోయాక. అప్పటికి పదిహేనేళ్లుగా ఈ సాఫ్ట్‌వేరు ఊహతోనూ పరీక్షలతోనూ నడిచింది. ఈరోజు బజారులో దొరికే నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల విండోస్ కంప్యూటర్లతో మాట్లాడేది సాంబాయే.

ఇక డిస్కుల మాట. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పెద్ద కంప్యూటర్ల ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు, పీసీల్లో వాడే చౌక డిస్కులు చాలా కలిపి వాడితే వేగమూ ఎక్కువ, ఖర్చూ తక్కువ అని వాళ్ల వాదన. డిస్కుల సంఖ్య పెరిగితే వాటిలో ఏదో ఒకటి పోయే అవకాశమూ పెరుగుతుంది కాబట్టి, పోయినదాన్ని మిగిలినవాటి నుంచి లెక్కగట్టే ఏర్పాటు చేశారు. దాని పేరు రెయిడ్. లెక్క చాలా తేలిక. మొదటి డిస్కులో 1011, రెండో డిస్కులో 0110 ఉన్నాయనుకుందాం. ఒక్కో నిలువు వరుసలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే 1, సరి సంఖ్యలో ఉంటే 0 అని మూడో డిస్కులో రాస్తాం. 1101 వస్తుంది. దీన్నే పారిటీ అంటారు. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. మిగిలిన 1011కూ 1101కూ అదే లెక్క మళ్లీ వేయండి. 0110 వచ్చేస్తుంది. పోయిన డిస్కు మొత్తం ఇలా బిట్టు బిట్టుగా తిరిగి పుడుతుంది.

కాకపోతే ఆ పుట్టడానికి టైము పడుతుంది. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆపకుండా రాస్తే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైన. డిస్కు లోపలి వలయాల్లో వేగం తగ్గుతుంది, పైగా ఆఫీసు పని నడుస్తూనే ఉంటుంది. కాబట్టి రెండు మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో మిగిలిన డిస్కులన్నీ ముందెన్నడూ లేనంతగా తిరుగుతుంటాయి. అవి కూడా సాధారణంగా అదే రోజు, అదే షాపులో, అదే పెట్టెలోంచి తీసి కొన్నవి. రెండోది కూడా అప్పుడే పోతే ఒక్క పారిటీ డిస్కు కాపాడలేదు. అందుకే పెద్ద డిస్కులు వాడే చోట రెండు డిస్కులు పోయినా తట్టుకునే ఏర్పాటు తప్పనిసరి. నాలుగు డిస్కుల పెట్టెలో సగం జాగా దీనికే పోతుందని చాలామంది యజమానులు బాధపడతారు. ఆ బాధ పడటమే మంచిది.

రెయిడ్ ఒక్క సంగతి మాత్రం కనిపెట్టలేదు. డిస్కు "నేను పోయాను" అని చెబితేనే దానికి తెలుస్తుంది. డిస్కు బాగానే ఉన్నట్టు ఉండి తప్పు డేటా ఇస్తే? ఇది అరుదే గానీ ఊహ కాదు. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ 2007లో తన దగ్గరున్న 3,000కు పైగా యంత్రాల్లో ఒక పరీక్ష నడిపింది. ప్రతి రెండు గంటలకూ 2 గిగాబైట్ల ఫైలు ఒకటి రాయడం, దాన్ని తిరిగి చదివి పోల్చడం. ఐదు వారాల్లో దాదాపు 100 యంత్రాల్లో 500 తప్పులు దొరికాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి తాను ఇచ్చే సమాచారాన్ని నమ్ముకుందామా అంటే, అదే ఏడాది గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ప్రధాన హెచ్చరిక సూచికల్లో ఏ ఒక్కటీ ముందుగా చూపలేదని తేల్చారు.

ఈ సమస్యను వేళ్ల దగ్గర పట్టుకున్నవాళ్లు జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో వాళ్లు మొదలుపెట్టిన ఫైల్ సిస్టమ్ పేరు జడ్‌ఎఫ్‌ఎస్. 2005లో దాని సోర్స్ కోడ్ బయటికి వచ్చింది. ఇందులో డేటాను బ్లాకులనే ముక్కలుగా రాస్తారు, ప్రతి బ్లాకుకూ 256 బిట్ల చెక్‌సమ్ ఉంటుంది. చెక్‌సమ్ అంటే ఆ బ్లాకులోని బైట్లన్నిటి నుంచీ లెక్కగట్టిన చిన్న సంఖ్య. ఒక్క బిట్టు మారినా సంఖ్య మారిపోతుంది. చెక్‌సమ్‌లు అంతకుముందూ ఉన్నాయి. కొత్తదనం ఏమిటంటే, దాన్ని ఆ బ్లాకు పక్కన రాయలేదు. ఆ బ్లాకు ఎక్కడుందో చెప్పే పై బ్లాకులో రాశారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. డేటా పక్కనే దాని చెక్‌సమ్ ఉందనుకోండి. డిస్కుకు "ఈ కొత్త బ్లాకు రాయి" అని చెప్పాం. అది "రాశాను" అంది గానీ రాయలేదు. తర్వాత చదివితే పాత బ్లాకు, దాని పక్కన పాత చెక్‌సమ్ వస్తాయి. రెండూ ఒకదానికొకటి చక్కగా సరిపోతాయి. తప్పు దొరకదు. లేదా డిస్కు ఆ బ్లాకును ఇంకో చోట రాసేసింది. అక్కడా డేటా, చెక్‌సమ్ కలిసే ఉంటాయి కాబట్టి పరీక్ష నెగ్గుతుంది. అదే చెక్‌సమ్ పై బ్లాకులో ఉంటే, కింద ఏది రావాలో పైనున్నదానికి ముందే తెలుసు. పాతది వచ్చినా, పక్కది వచ్చినా పట్టుబడుతుంది. ఆ పై బ్లాకుకు చెక్‌సమ్ దాని పైన, దానికి మళ్లీ పైన, అలా ఈ బ్లాకుల చెట్టుకు మొదలైన వేరు బ్లాకు దాకా. వేరు సరైనదైతే చెట్టంతా పరీక్షించగలం. ర్యాల్ఫ్ మెర్కిల్ 1979లోనే ఇలాంటి చెట్టును గూఢలిపి శాస్త్రం కోసం ప్రతిపాదించాడు. ఆఫీసు ఫైళ్లకు అది పాతికేళ్ల తర్వాత అందింది.

తప్పు పట్టుబడ్డాక సాఫ్ట్‌వేరు ఊరుకోదు. ఇంకో డిస్కులోని కాపీ నుంచో, పారిటీ లెక్క నుంచో సరైన బ్లాకు తయారుచేసి మీకిస్తుంది, చెడిన చోట దాన్ని తిరిగి రాస్తుంది, లాగులో నమోదు చేస్తుంది. ఎవరూ తెరవని ఫైళ్ల సంగతేమిటి? వాటి కోసమే స్క్రబ్ అనే పని ఉంది. నెలకోసారి, సాధారణంగా ఆదివారం రాత్రి, సర్వరు తనలోని ప్రతి బ్లాకునూ చదివి చెక్‌సమ్‌తో సరిచూసుకుంటుంది. కొన్న రోజున స్క్రబ్ పెట్టుకున్న ఆఫీసుకూ పెట్టుకోని ఆఫీసుకూ తేడా మూడేళ్ల దాకా కనిపించదు. నాలుగో ఏడు ఒక డిస్కు పోయి, మిగిలినవాటి నుంచి దాన్ని తిరిగి కట్టుకోవాల్సి వచ్చినప్పుడు, ఎన్నడూ చదవని బ్లాకుల్లో ఎన్ని చెడ్డాయో అప్పుడు బయటపడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం: నిన్నటి ఫైలు. చేతిరాత లెక్కల కాలంలో గుమాస్తా చిట్టాలో తప్పు పడితే గీకి దిద్దేవాడు కాదు. పాత పద్దు అలాగే ఉంచి, కింద సవరణ పద్దు రాసేవాడు. ఏ రోజు లెక్క ఎలా ఉందో ఎప్పుడైనా చూడొచ్చు. కంప్యూటరు ఫైల్ సిస్టమ్‌లు చాలాకాలం దీనికి విరుద్ధంగా నడిచాయి. ఫైలు మారిస్తే ఉన్న చోటే పాత అక్షరాల మీద కొత్తవి రాసేవి. మధ్యలో కరెంటు పోతే సగం పాత, సగం కొత్త. 1992లో డేవ్ హిట్జ్, జేమ్స్ లావ్, మైకేల్ మాల్కం కలిసి పెట్టిన కంపెనీ, ఇప్పటి నెట్‌యాప్, ఫైళ్లు ఇవ్వడానికే ప్రత్యేకించిన యంత్రం కోసం వేరే దారి పట్టింది. వాళ్ల ఫైల్ సిస్టమ్‌లో ఉన్న బ్లాకు మీద ఎన్నడూ రాయరు. కొత్త డేటా ఖాళీ చోట రాసి, తర్వాత వేరును కొత్త చెట్టు వైపు తిప్పుతారు. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. జడ్‌ఎఫ్‌ఎస్‌దీ ఇదే పద్ధతి. ఎంత దగ్గరి పద్ధతంటే, తమ పేటెంట్లు వాడుకున్నారని 2007లో నెట్‌యాప్ సన్ మీద కేసు వేసింది. సన్ ఎదురు కేసు వేసింది. ఒరాకిల్ సన్‌ను కొన్న తర్వాత 2010లో ఇద్దరూ కేసులు వదులుకున్నారు.

పాత బ్లాకు మీద రాయనప్పుడు, పాత వేరును పారేయకుండా ఉంచుకుంటే చాలు, ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో అదంతా చేతిలో ఉన్నట్టే. అదే స్నాప్‌షాట్. ఏదీ కాపీ చేయనక్కర్లేదు కాబట్టి వంద టెరాబైట్లకైనా రెప్పపాటులో తయారవుతుంది. జాగా కూడా మారిన బ్లాకుల మేరకే పడుతుంది. 4 టెరాబైట్ల డేటా ఉన్న ఆఫీసులో రోజుకు 5 గిగాబైట్లు మారుతున్నాయనుకుంటే, నెల రోజుల గతం ఉంచుకోవడానికి 150 గిగాబైట్లు చాలు. మొత్తంలో నాలుగు శాతం కూడా కాదు. గంటకొకటి చొప్పున రెండు రోజులవి, రోజుకొకటి చొప్పున నెలవి, నెలకొకటి చొప్పున ఏడాదివి పెట్టుకుంటే మొత్తం తొంభై స్నాప్‌షాట్లు. తీయడం, గడువు దాటినవి పారేయడం సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

దీన్ని వాడుకోవడానికి నిపుణులు అక్కర్లేదన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. విండోస్‌లో సర్వరు మీది ఫోల్డరు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళితే ప్రీవియస్ వెర్షన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. సర్వరులోని స్నాప్‌షాట్లను సాంబా అక్కడ తేదీ, గంట వేసి వరుసగా చూపిస్తుంది. మధ్యాహ్నం మూడింటిది తెరిస్తే మూడింటి ఫోల్డరు కనిపిస్తుంది. అందులోంచి ఫైలు లాగి డెస్క్‌టాప్ మీద వేసుకోవడమే. పొరపాటున కొటేషన్ మీద కొటేషన్ సేవ్ చేసిన ఉద్యోగి, యజమానికి చెప్పే ముందే తన తప్పు తాను దిద్దుకోగలుగుతాడు. తప్పు దిద్దుకోవడం ఇంత తేలికైన చోట తప్పు దాచడం తగ్గుతుంది.

రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఫైళ్లు చెరిపినా జాగా ఖాళీ కావడం లేదని కంగారు పడేవాళ్లుంటారు. ఆ ఫైళ్లు పాత స్నాప్‌షాట్లలో ఉన్నంత కాలం బ్లాకులు ఖాళీ కావు. రెండోది, పని మధ్యలో ఉన్న డేటాబేస్‌కు తీసిన స్నాప్‌షాట్, ఆ క్షణాన కరెంటు పోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మంచి డేటాబేస్‌లు దాన్నుంచి కోలుకుంటాయి. అయినా అర్ధరాత్రి ఎవరూ పనిచేయనప్పుడు తీసినది ఒకటి ఉండటం క్షేమం.

ఇక దొంగల మాట. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో లక్షల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వ్యాపించిన దారి ఎస్‌ఎంబీ మొదటి వెర్షనులోని లోపమే. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది. ఇప్పటి నాస్ సాఫ్ట్‌వేరు ఆ పాత వెర్షనును మూసే ఉంచుతుంది. పాత స్కానరు పనిచేయడం లేదని ఎవరైనా దాన్ని తెరవమంటే తెరవకండి, స్కానరు మార్చండి.

ఫైళ్లకు తాళం వేయడమంటే సర్వరు దృష్టిలో మామూలుగా కొత్త డేటా రాయడమే. పాత బ్లాకులు స్నాప్‌షాట్లలో చెక్కుచెదరకుండా ఉంటాయి. పైగా తాళం పడిన డేటా కుదించడానికి లొంగదు, ప్రతి ఫైలూ మారిపోతుంది. రోజుకు 5 గిగాబైట్లు పెరిగే స్నాప్‌షాట్ ఒక్క రాత్రిలో వందల గిగాబైట్లు ఉబ్బుతుంది. దాని మీద అలారం పెట్టుకున్న ఆఫీసుకు తెల్లారేసరికి విషయం తెలుస్తుంది. దాడి చేసేవాళ్లకూ ఇది తెలుసు. అందుకే వాళ్లు ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం వెతుకుతారు. దొరికితే స్నాప్‌షాట్లు చెరిపేసి, ఆ తర్వాతే తాళం వేస్తారు. దీనికి విరుగుడుగా గడువు తీరేదాకా అడ్మిన్ కూడా చెరపలేని స్నాప్‌షాట్లు వచ్చాయి. వ్యాపారానికి కొనే సాఫ్ట్‌వేరులో ఈ సౌకర్యం ఉందో లేదో అడిగి మరీ కొనాలి. దాంతోపాటు అడ్మిన్ ఖాతాకు ఫోనులో వచ్చే రెండో కోడ్ ఉండాలి, రోజువారీ పనికి ఆ ఖాతా వాడకూడదు.

ఇంటి నుంచి ఫైళ్లు చూసుకోవడం కోసం నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం మరో పెద్ద ప్రమాదం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడి అలా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలను వెతికి పట్టుకుంది. యజమాని లాగిన్ పేజీ తెరిస్తే అక్కడ 0.03 బిట్‌కాయిన్ కట్టమనే నోటీసు కనిపించింది. బయటి నుంచి రావాలంటే వీపీఎన్ ద్వారానే, అంటే ఆఫీసు నెట్‌వర్కులోకి తాళం వేసిన దారి గుండానే రావాలి. ఇందులో మినహాయింపులు లేవు.

ఎవరు ఏ ఫోల్డరు చూడొచ్చన్నది చెప్పడానికి తేలిక, నిలబెట్టడానికి కష్టం. యూనిక్స్‌లో మొదటి నుంచీ ఉన్నది తొమ్మిది బిట్ల పద్ధతి: యజమానికి, గ్రూపుకు, మిగిలినవారికి చదివే, రాసే, నడిపే హక్కులు. "అకౌంట్స్ వాళ్లు రాయొచ్చు, ఆడిటరు చదవొచ్చు, కొత్త ట్రైనీకి కనిపించనే కూడదు" అనడానికి ఆ తొమ్మిది చాలవు. అందుకే వ్యాపార సాఫ్ట్‌వేరులో ఒక్కో ఫోల్డరుకు పొడవాటి అనుమతుల జాబితా రాసుకోవచ్చు. కంపెనీలో ఉద్యోగుల ఖాతాలన్నీ ఒకే చోట ఉంచే యాక్టివ్ డైరెక్టరీ ఉంటే నాస్ దానిలో చేరి ఉద్యోగుల పేర్లు అక్కడి నుంచే తెచ్చుకుంటుంది; ఉద్యోగం మానేసినవారి ఖాతా ఒక్క చోట ఆపితే అన్ని చోట్లా ఆగుతుంది. హక్కులు మనుషుల పేరు మీద ఇవ్వకండి, గ్రూపుల పేరు మీద ఇవ్వండి. జీతాల ఫోల్డరులో ఎప్పుడో మానేసినవారి పేర్లు కనిపించే ఆఫీసులు చాలానే ఉన్నాయి.

చట్టం కూడా ఇప్పుడు సర్వరు దాకా వచ్చింది. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వరులో ఉండాలన్న నిబంధనను 2022 ఆగస్టులో సవరించి, ఆ బ్యాకప్ రోజూ జరగాలన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులను 180 రోజులు దాచాలి, సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో రాసుకునే ఆడిట్ లాగ్ నాస్‌లో ఉంటుంది, కానీ చాలా పెట్టెల్లో అది ఆపి ఉంటుంది. ఆన్ చేసుకోవాలి.

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పే సౌకర్యాల్లో డీడూప్లికేషన్ ఒకటి. ఒకే బ్లాకు వంద ఫైళ్లలో ఉంటే ఒక్కసారే దాచడం. వినడానికి బాగుంటుంది. జడ్‌ఎఫ్‌ఎస్‌లో దానికి కావాల్సిన పట్టికలో ఒక్కో బ్లాకుకు సుమారు 320 బైట్లు పడతాయి. 128 కిలోబైట్ల బ్లాకులైతే టెరాబైటుకు దాదాపు 84 లక్షల బ్లాకులు. అంటే టెరాబైటుకు రెండున్నర గిగాబైట్ల మెమరీ. పది టెరాబైట్లకు పాతిక. మెమరీ చాలకపోతే సర్వరు నత్తనడకన నడుస్తుంది. మామూలు ఆఫీసు దీని జోలికి పోకపోవడమే మంచిది. దానికి బదులు కంప్రెషన్ ఆన్ చేసుకోండి. ఎల్‌జడ్4 పద్ధతి ప్రాసెసరుకు భారం కాదు, పత్రాలూ లెక్కలూ బాగా కుదించుకుపోతాయి.

కరెంటు విషయం మన ఊళ్లలో చెప్పుకోక తప్పదు. కాపీ ఆన్ రైట్ వల్ల కరెంటు హఠాత్తుగా పోయినా ఫైల్ సిస్టమ్ పాత స్థితిలోనో కొత్త స్థితిలోనో ఉంటుంది, మధ్యలో వేలాడదు. కానీ మెమరీలో ఉండి ఇంకా డిస్కుకు చేరని చివరి కొద్ది సెకన్ల పని పోవచ్చు. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కు కలిపితే, బ్యాటరీ తగ్గగానే సర్వరు తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. యూపీఎస్ కొని ఆ కేబులు కలపని ఆఫీసులే ఎక్కువ.

ఇంత చేసినా, పెట్టె మొత్తం కాలిపోతే లేక వరదలో మునిగితే స్నాప్‌షాట్లూ దాంతోపాటే పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న నియమాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చాడు. వేరే చోటికి రోజూ టెరాబైట్లు పంపడం ఎలా? ఇక్కడ కాపీ ఆన్ రైట్ మళ్లీ అక్కరకొస్తుంది. ప్రతి బ్లాకుకూ అది పుట్టిన సమయం రాసి ఉంటుంది కాబట్టి, నిన్నటి స్నాప్‌షాట్ తర్వాత పుట్టిన బ్లాకులేవో ఫైళ్లన్నీ వెతక్కుండానే తెలుస్తుంది. ఆ 5 గిగాబైట్లు మాత్రం రాత్రి పంపిస్తే చాలు. విజయవాడ ఆఫీసు కాపీ హైదరాబాద్ బ్రాంచిలో మామూలు ఫైబర్ కనెక్షన్ మీదే తయారవుతుంది. ఒక జాగ్రత్త: రెండో సర్వరే మొదటిదాని నుంచి తెచ్చుకునేలా పెట్టండి. మొదటిదాని పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా రెండోదాని మీద అతనికి ఏ అధికారమూ ఉండదు.

ఏది కొనాలి? 2005లో ఒలివియే కొషార్ లాబే అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఉచితంగా మొదలుపెట్టిన ఫ్రీనాస్ ఇప్పుడు ట్రూనాస్ పేరుతో జడ్‌ఎఫ్‌ఎస్‌ను మామూలు కంప్యూటరు మీద నడుపుతుంది. అదే కుటుంబం నుంచి విడిపోయిన ఓపెన్‌మీడియావాల్ట్ డెబియన్ లినక్స్ మీద తేలికగా నడుస్తుంది. తైవాన్ కంపెనీలు సైనాలజీ, క్యూనాప్ పెట్టెతో సహా అమ్ముతాయి. కంప్యూటర్లు చూసుకునే మనిషి ఉన్న ఆఫీసుకు ట్రూనాస్ మంచిదంటాను. అలాంటి మనిషి లేని పది మంది ఆఫీసుకు సిద్ధంగా దొరికే పెట్టే మేలు; అప్‌డేట్లు ఎవరు చూస్తారన్న ప్రశ్న అక్కడ డబ్బు కన్నా పెద్దది.

మీ ఆఫీసులో ఇప్పటికే ఇలాంటి సర్వరు ఉంటే, ఈ వారంలోనే ఒక పని చేయండి. మూడు నెలల కిందటి ఫైలు ఒకటి ఎంచుకుని, స్నాప్‌షాట్ నుంచి ఒకసారి, వేరే చోట ఉన్న బ్యాకప్ నుంచి ఒకసారి బయటికి తీయండి. రెండింటినీ తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో, ఎవరు తీశారో, తేదీ ఏమిటో కాగితం మీద రాసి సర్వరు పక్కన అంటించండి. మూడు నెలల తర్వాత మళ్లీ తీయండి, ఈసారి ఇంకొకరి చేత.